ఎంతమందిని విడిపించారు అని అడక్కండి

పోయిన నెల ఒక స్నేహితురాలు వాట్సాప్‌లో ఉద్యోగ ప్రకటన పంపింది. ఆధునిక బానిసత్వం మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకి ప్రోగ్రామ్స్ (క్షేత్రంలో చేసే పని), అడ్వొకసీ (ప్రభుత్వం చేత మార్పులు చేయించే పని) రెండూ చూసే హెడ్ కావాలట. కింద “నిన్ను చూసి రాసినట్టుంది, పెట్టు అప్లికేషన్” అని ఆమె మాట. చాలా ఏళ్లుగా నేను తిరిగేది ఇటుక బట్టీలు, లేబర్ ఆఫీసులు, ఆర్డీవో కార్యాలయాల చుట్టే కాబట్టి తను అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. జీతం కూడా ఈ రంగంలో మామూలుగా కనబడే దానికంటే ఎక్కువే. బాధ్యతలు చదువుకుంటూ పోతే మధ్యలో ఒక లైను కనబడింది. ఏడాదికి ఇంతమందిని విడిపించాలన్న లక్ష్యం అందుకునేలా జిల్లా టీముల్ని నడిపించాలట. ఆ సంఖ్యని దాతలకీ ప్రభుత్వానికీ మీడియాకీ చేరవేసే పని కూడా అదే మనిషిది.

అప్లై చెయ్యలేదు. ఎందుకని ఆమె అడిగితే ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. మాట దాతల మీదికీ, అక్కణ్ణుంచి కలెక్టర్ల మీదికీ పోయి, చివరికి ఇద్దరం వేరే కబుర్లలో పడ్డాం. అందుకే ఇది రాస్తున్నాను.

నేననేది ఇది. వెట్టిచాకిరి, అంటే బాకీ కింద మనిషిని పనికి కట్టిపడెయ్యడం, దాని మీద పనిచేసే సంస్థలు తాము విడిపించిన మనుషుల సంఖ్యని చాటుకోవడం మానెయ్యాలి. ఆ సంఖ్య అబద్ధం కావడం వల్ల కాదు. చాలాచోట్ల నిజమే. నిజమైన సంఖ్య కూడా ఒకసారి లక్ష్యం అయి కూర్చుందంటే పనంతా దాని చుట్టూ తిరుగుతుంది. కూలీకి అసలు కావలసిన పని “తర్వాత చూద్దాం” అనే ఫైల్లోకి వెళ్తుంది.

లెక్క ఎక్కడ తేలుతుంది

నాకు బాగా తెలిసింది ఒడిశా నుంచి తెలంగాణ బట్టీలకి వచ్చే కుటుంబాల సంగతి. పెద్దపల్లి వైపు వెళ్లినా, యాదాద్రి, రంగారెడ్డి వైపు వెళ్లినా డిసెంబరు నుంచి మే దాకా బట్టీల మీద వినబడేది ఒడియానే. ఎక్కువమంది బలాంగీర్, నువాపడా జిల్లాల వాళ్లు.

అక్కడ కొత్త వరి పండగ నువాఖాయి భాద్రపదంలో వస్తుంది. చేతిలో పైసా ఉండని రోజులవి. మన గుంపు మేస్త్రీ లాంటివాణ్ణి అక్కడ సర్దార్ అంటారు. పండగ ముందూ వెనకల్లో అతను గుమ్మంలోకి వచ్చి అడ్వాన్స్ ఇస్తాడు. మొగుడు, పెళ్లాం, ఒక పిల్లో పిల్లాడో కలిపి ఒక యూనిట్. దాన్ని పథురియా అంటారు. అడ్వాన్స్ పథురియాకి ఇంత అని. వానలు వెనకబట్టాక కాంటాబంజీ స్టేషన్‌లో రైలెక్కి ఇటు వస్తారు. వెయ్యి ఇటుకలు కోస్తే ఇంత అని రేటు మాట్లాడతారు గానీ ఆ డబ్బు చేతికి రాదు. తిండి ఖర్చులకి వారానికోసారి ఖురాకీ ఇస్తారు, అదీ ఖాతాలో రాస్తారు. మబ్బులు పట్టి బట్టీ ఆగిపోయే రోజుల్లో లెక్క తేలుస్తారు. కోసిన ఇటుకల విలువలోంచి అడ్వాన్సు, ఖురాకీ, జ్వరం వస్తే ఇచ్చిన డబ్బు తీసేస్తారు. మిగిలితే రైలు ఖర్చులు మిగులుతాయి. కొందరికి అవీ మిగలవు.

చట్టంలో దీనికి జవాబు ఎప్పటినుంచో ఉంది. 1975 అక్టోబరు 25 నుంచి అమల్లోకి వచ్చినట్టుగా 1976లో చేసిన వెట్టిచాకిరి నిర్మూలన చట్టం, ఇలాంటి అప్పు చెల్లదంటుంది. ఇది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యతను అప్పిచ్చినవాడి మీదే పెడుతుంది. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, కనీస వేతనం కంటే తక్కువకి పనిచేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది. ఆకలి చేసే బలవంతం కూడా బలవంతమే అని జస్టిస్ భగవతి ఆ తీర్పులో రాశారు. నలభై ఏళ్లు దాటింది.

ఇప్పుడు సీజన్ మధ్యలో, ఫిబ్రవరిలో అనుకోండి, ఫిర్యాదు వస్తుంది. రెవెన్యూ వాళ్లు, పోలీసులు, లేబర్ ఆఫీసరు, మేము కలిసి వెళ్తాం. సాయంత్రానికి కుటుంబాలన్నీ బస్సులో ఉంటాయి. అధికారి మంచివాడైతే రెండు మూడు రోజుల్లో విడుదల పత్రాలు వస్తాయి, ఎస్కార్ట్‌తో రైలెక్కిస్తారు. మా లెక్కలో అంతమంది విడుదలైనట్టే. పత్రికలో ఫొటో వస్తుంది. మరి డిసెంబరు నుంచి వాళ్లు కోసిన ఇటుకల కూలి ఎంత? ఎవరు కట్టారు? ఈ ప్రశ్నకి జవాబున్న నివేదికలు నేను చాలా తక్కువ చూశాను.

ఒక బట్టీలో ఒకామె బస్సెక్కనంది. భయపడుతోందేమో అనుకున్నాం. తర్వాత ఆమె మా సహోద్యోగి చెయ్యి పట్టుకుని గుడిసెలోకి తీసుకెళ్లి గోడ చూపించింది. గోడ నిండా బొగ్గుతో గీసిన గీతలు. రోజూ సాయంత్రం ఎన్ని వేలు కోశారో ఆమె వేసుకున్న లెక్క అది. గుమస్తా పుస్తకంలో తక్కువ రాస్తున్నాడని మొదటి నెలలోనే అనుమానం వచ్చిందట. మేం ఆ గోడని ఫోన్‌లో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాకే ఆమె బయటికి వచ్చింది. ఆ ఫొటోలు పక్కన పెట్టుకుని లేబర్ ఆఫీసరు గుమస్తా పుస్తకం చూశాక, ఓనరు స్వరం మారింది. ఆ ఊళ్లో ఆ రోజు మిగతా కుటుంబాలకంటే ఆమె కుటుంబానికి ఎక్కువ కూలి అందింది. మా వార్షిక నివేదికలో మాత్రం ఆమె కూడా మిగతావాళ్లలాగే ఒక అంకె.

ఆమె అడిగింది విడుదల కాదు. లెక్క. బట్టీల మీద నాతో మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది అదే. “మమ్మల్ని ఇక్కణ్ణుంచి తీసుకెళ్లండి” అనేవాళ్లు లేకపోలేదు, కొట్టినచోట, ఆడపిల్లలకి భయం ఉన్నచోట ముందు అదే అంటారు. మిగతాచోట్ల “హిసాబ్ తేల్పించండి, మేమే వెళ్లిపోతాం” అంటారు. మనం ఆ మాట వింటూనే బస్సుకి ఫోన్ చేస్తాం, ఎందుకంటే బస్సుకి ప్రాజెక్టులో బడ్జెట్ ఉంది.

సున్నా రాసే జిల్లాలు

సంస్థలది విడుదలైనవాళ్ల సంఖ్య పెంచే తాపత్రయమైతే ప్రభుత్వానిది దానికి సరిగ్గా ఎదురు. జిల్లాలో వెట్టి లేదు అని రాస్తే పని అయిపోయింది. ఉంది అని రాస్తే విచారణ, విడుదల పత్రాలు, పునరావాసం డబ్బు, పై నుంచి ఫోన్లు, పత్రికలవాళ్లు. ఏ అధికారి మనస్సాక్షినీ నేను ఇక్కడ తప్పుపట్టడం లేదు. వ్యవస్థ అతనికి నేర్పుతున్నదే అది.

విచారణ ఎలా జరుగుతుందో చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక అధికారి బట్టీ దగ్గర కుర్చీ వేయించుకుని కూలీలని వరసగా అడిగారు: “కొట్టారా? తాళం వేశారా? తిండి పెట్టట్లేదా?” అన్నిటికీ “లేదు సార్” అన్నారు. అబద్ధం కాదు, నిజంగానే ఎవరూ కొట్టలేదు. పైగా తర్జుమా చేస్తున్నవాడు ఓనరు గుమస్తా. కాగితం మీద ‘వెట్టి లేదు’ అని రాయబోతుంటే మా టీములో కుర్రాడు వినయంగా, “సార్, పండక్కి ఊరికి వెళ్తామంటే ఏమన్నారో ఒక్కసారి అడగండి” అన్నాడు. అడిగారు. “బాకీ కట్టి వెళ్లమన్నారు” అని జవాబు. వేరే బట్టీలో రేటు ఎక్కువిస్తే అక్కడికి పోవచ్చా అంటే నవ్వారు వాళ్లు. చట్టం చూడమన్నది ఇవే: బాకీ కారణంగా తిరిగే స్వేచ్ఛ పోయిందా, వేరే పని చూసుకునే స్వేచ్ఛ పోయిందా, కనీస వేతనం పోయిందా. ఆ అధికారి చెడ్డవారు కాదు, ఆ పూటే కాగితం మార్చి రాశారు. ఆ కుర్రాడు లేకపోతే జిల్లా లెక్కలో ఇంకో సున్నా చేరేది.

సున్నాని ఒప్పుకోని అధికారి మనకి ఒకాయన ఉండేవారు. ఎస్.ఆర్. శంకరన్ పేరు ఈ బ్లాగు చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖ చూస్తూ ఆయన వెట్టి చట్టాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లారు. మీ బాకీ చట్టం ముందు చెల్లదు అన్న మాట, బాకీ కింద దొరల దగ్గర పనిచేసే జీతగాళ్ల చెవిన పడేలా చేశారు. దొరల ఇళ్లలో పని ఆగిపోతే ఆ సెగ హైదరాబాద్‌కి తగలకుండా ఉంటుందా? అప్పటి ముఖ్యమంత్రి చెన్నారెడ్డికి అది రుచించలేదు. శంకరన్ సెలవు మీద వెళ్లారు, తర్వాత త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి పిలిస్తే అక్కడికి చీఫ్ సెక్రటరీగా వెళ్లిపోయారు. ఆయన జీవితం గురించి భక్తిగా రాసినవి చాలా ఉన్నాయి. నాకు మాత్రం ఇందులో పనికొచ్చే విషయం ఒకటే కనిపిస్తుంది. ఆయన పద్ధతిలో విడిపించేవాడు, విడుదలయ్యేవాడు అని ఇద్దరు లేరు. చట్టం తెలిసిన జీతగాడు తనే పని మానేస్తాడు. అప్పుడు ‘మేం ఇంతమందిని విడిపించాం’ అని చెప్పుకోవడానికి ఎవరికీ ఏమీ మిగలదు.

పిల్లల విషయంలో శాంతా సిన్హా, ఆమె సంస్థ ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో చేసింది కూడా దీనికి దగ్గరే. జీతానికి ఉన్న పిల్లల్ని బయటికి తీసుకొచ్చి శిబిరాల్లో చదివించారు నిజమే, కానీ ఊళ్లో ప్రతి పిల్లా పిల్లాడూ బడిలో ఉంటేనే ఆ ఊరు లెక్కలోకి వచ్చేది. అలా పెట్టుకుంటే మోసం చేసుకోవడం కష్టం. పనిలోంచి తీసిన పిల్లాడు నెల తిరిగేసరికి మళ్లీ పశువుల వెంట కనబడితే ఊరు లెక్క చెడిపోతుంది.

దేశం మొత్తం లెక్క చూస్తే మరీ విచిత్రం. 2016లో కేంద్ర కార్మిక శాఖ 2030 నాటికి కోటీ 84 లక్షల మంది వెట్టి కార్మికుల్ని గుర్తించి, విడిపించి, పునరావాసం కల్పిస్తామంది. అప్పుడు ఆ శాఖ మంత్రి మన బండారు దత్తాత్రేయే. మరి 1978 నుంచి ఇప్పటిదాకా విడుదల చేశామని ప్రభుత్వం పార్లమెంటులో చెబుతూ వచ్చింది సుమారు మూడు లక్షల మందిని. ఈ నడకతో ఆ లక్ష్యం చేరాలంటే రెండున్నర వేల ఏళ్లు దాటుతుంది. ఒకవైపు అంత పెద్ద సంఖ్య, ఇంకోవైపు జిల్లాల నుంచి వచ్చే సున్నాలు. రెండూ ఒకే ప్రభుత్వం ఫైళ్లలో పక్కపక్కనే ఉన్నాయి, వాటికేం ఇబ్బంది లేదు.

లాయరు మిత్రుడి అభ్యంతరం

ఈ వాదన నేను తీసుకొచ్చినప్పుడల్లా ఒక లాయరు మిత్రుడు నన్ను ఒకే చోట పట్టుకుంటాడు. “నువ్వు నేరాన్ని కూలి తగాదా చేస్తున్నావు. ఓనరు డబ్బు పారేస్తే వదిలేస్తావా?” అంటాడు.

ఇది తేలిగ్గా తీసిపారేసే అభ్యంతరం కాదు. కూలి తేల్చడం మీద పడితే అది ఎన్నిసార్లు రాజీగా ముగుస్తుందో నాకు తెలుసు. లారీ ఆఫీసు వెనకో, పెద్దమనిషి ఇంట్లోనో కూర్చుని ఎంతో కొంత చేతిలో పెట్టి ‘నాకు రావలసింది ఏమీ లేదు’ అన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. ఆ కాగితం తర్వాత కోర్టులో కేసుని చంపేస్తుంది. పునరావాసం సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. 2016 కేంద్ర పథకం ప్రకారం మగవాళ్లకి లక్ష, ఆడవాళ్లకీ పిల్లలకీ రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు రావాలి. వెంటనే చేతికిచ్చే సాయం అప్పుడు 20 వేలు, తర్వాత సవరించి 30 వేల దాకా చేశారు. మిగతాది ఓనరుకి శిక్ష పడటంతో ముడిపెట్టారు. రాజీ అయితే శిక్ష లేదు, శిక్ష లేకపోతే లక్ష లేదు. అంటే నా మాట విని కూలి తేల్చుకున్న కుటుంబం పెద్ద మొత్తం పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

దీని గురించి చాలాసార్లు ఆలోచించాను. ఇప్పటికీ పూర్తిగా కుదుటపడలేదు. కానీ కాగితం మీది లక్షతో పోల్చాల్సింది నిజంగా జరిగేదాన్ని. విడుదల పత్రం ఇచ్చిన జిల్లా ఒకటి, ఇల్లున్న జిల్లా వేరే రాష్ట్రంలో. విచారణ సంక్షిప్తంగా జరిపే వీలు చట్టంలోనే ఉన్నా కేసు ఏళ్లు సాగుతుంది, సాక్షి బలాంగీర్‌లో ఉంటాడు, వాయిదాకి రావడానికి రెండు రోజుల కూలి, రైలు ఖర్చు. చివరికి శిక్ష పడితే ఎంత? గరిష్ఠంగా మూడేళ్లు, రెండు వేల రూపాయల జరిమానా. ఆ రెండు వేలు 1976లో పెట్టింది. ఇవాళ దానికి ఒక ట్రాక్టరు ఇటుకలు కూడా రావు.

కాబట్టి నేననేది కేసు వద్దని కాదు. విడుదల రోజే, లేబర్ ఆఫీసరు ఎదురుగా, కనీస వేతనాల ప్రకారం లెక్క కట్టి రాతపూర్వకంగా పెట్టాలి. అది రాజీ కాదు, కేసులో సాక్ష్యం. ఎంత పని చేశారో, ఎంత ఇవ్వాలో, ఎంత ఇవ్వలేదో ఉన్న కాగితం కంటే బలమైన సాక్ష్యం ఏముంది? దీనికి సాయంత్రం చాలదు. రెండు రోజులు బట్టీ దగ్గరే కూర్చోవాలి, ఇటుకలు లెక్కపెట్టాలి, ఓనరు పుస్తకం స్వాధీనం చేయించాలి. రెండు రోజులు ఒకే బట్టీ దగ్గర కూర్చున్న టీము ఆ నెల టార్గెట్ అందుకోదు. మళ్లీ అక్కడికే వచ్చాం.

ఓనర్ల మాట కూడా ఒకటి రాయాలి, లేకపోతే న్యాయం కాదు. చిన్న బట్టీలాయన ఒకరు నాతో, “సర్దార్‌కి వడ్డీకి తెచ్చి ఇచ్చాను, సగం మంది రాలేదు, వాణ్ణి ఎక్కడ పట్టుకోను? నేనూ మోసపోయినోణ్ణే గదా” అన్నారు. అందులో కొంత నిజం ఉంది. సర్దార్ రెండు వైపులా తింటాడు. అయినా తన డబ్బు నష్టాన్ని ఇంకొకరి కాళ్లకి కట్టే హక్కు ఆయనకి లేదు. సర్దార్ మీద దావా వేసుకోవచ్చు, వెయ్యరు. ఎందుకంటే వచ్చే ఏడు మళ్లీ అతనే కావాలి.

ఆగలేని చోట్లు

విడిపించడం అనవసరం అని ఎవరైనా అర్థం చేసుకుంటారేమో. 2013 డిసెంబరులో కాలాహండికి చెందిన ఇద్దరు కూలీల కుడి చేతులు నరికేశారు దళారులు. అడ్వాన్స్ తీసుకుని చెప్పినచోటికి రాలేదని. సుప్రీంకోర్టు తనంత తానే ఆ సంగతి పట్టించుకుంది. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల్లోంచి వందల మంది బిహారీ పిల్లల్ని పోలీసులు బయటికి తెచ్చారు. ఇలాంటిచోట లెక్కలు, గోడ ఫొటోలు అని కూర్చుంటే అది పాపం. తలుపు బద్దలుకొట్టాలంతే.

నా వాదన తలుపు బద్దలుకొట్టడం గురించి కాదు, కొట్టినన్ని తలుపులే మన పని అనుకోవడం గురించి. ఇప్పుడు ఇది బట్టీల కూలీల గొడవ ఒక్కటే కాదు కూడా. 2024లో విశాఖ నుంచి డేటా ఎంట్రీ ఉద్యోగాలని కంబోడియా వెళ్లిన కుర్రాళ్ల చేత సైబర్ మోసాలు చేయించిన సంగతి అందరికీ తెలుసు. 2025 మార్చిలో మియన్మార్ కేంద్రాల నుంచి బయటపడిన ఐదు వందల మందికి పైగా భారతీయుల్ని వైమానిక దళం విమానాల్లో తెచ్చారు, అందులో మనవాళ్లూ ఉన్నారు. చదువుకున్నవాళ్లు, ఫోన్లు ఉన్నవాళ్లు. అక్కడా అదే కథ: ఏజెంటుకి కట్టిన డబ్బు, లాక్కున్న పాస్‌పోర్టు, వెళ్తానంటే ఎదురు కట్టమనే జరిమానా. విమానం దిగిన రోజు టీవీలు వచ్చాయి. ఏజెంటుకి కట్టడానికి ఇంట్లో తెచ్చిన అప్పు ఎవరు తీరుస్తున్నారో అడగడానికి ఎవరూ వెళ్లలేదు. నా ఎరుకలో ఒక కుర్రాడు మళ్లీ పాస్‌పోర్టు రెన్యూవల్‌కి పెట్టుకున్నాడు. గల్ఫ్ అట ఈసారి.

ఈ సంఖ్యల మోజుకి చాలా పాత చరిత్ర ఉంది. బ్రిటన్ 1833లో తన వలస రాజ్యాల్లో బానిసత్వం రద్దుచేసినప్పుడు విముక్తులైనవాళ్లు దాదాపు ఎనిమిది లక్షలు. ఈ సంఖ్య వాళ్లు గర్వంగా చెప్పుకున్నారు. అదే చట్టం కింద రెండు కోట్ల పౌండ్ల నష్టపరిహారం యజమానులకిచ్చారు. విముక్తులకి ఒక్క పెన్నీ లేదు, పైగా ‘అప్రెంటిస్’ పేరుతో 1838 దాకా పాత యజమాని దగ్గరే చాకిరీ. ఆ పరిహారం కోసం చేసిన అప్పు బ్రిటన్ ప్రభుత్వం తీర్చడం ముగిసింది 2015లో. ఇక తోటల్లో ఖాళీ అయిన పనికి ఎవరొచ్చారు? అగ్రిమెంట్ల మీద మారిషస్‌కి ఓడలెక్కినవాళ్లలో మన కోస్తా జిల్లాలవాళ్లు ఎందరో ఉన్నారు. లెక్క తేల్చింది మాత్రం యజమానికి. అంత పెద్ద చారిత్రక తప్పుని మన చిన్న సంస్థలకి అంటగట్టడం కొంచెం ఎక్కువేమో, కానీ విడుదలయినవాళ్ల సంఖ్య ఎంత సులువుగా మిగతా ప్రశ్నల్ని కప్పేస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

రెండో నువాఖాయి

ఒక శీతాకాలం బట్టీల సర్వేకి వెళ్తే ఇటుకల వరసల మధ్యలోంచి ఒకాయన చెయ్యి ఊపాడు. దగ్గరికొచ్చి నమస్తే పెట్టాడు. పోయినేడు మేం విడుదల చేయించిన కుటుంబమే. మా బ్రోషర్‌లో ఆయన ఫొటో కూడా ఉంది. సిగ్గేమీ లేదు ఆయనకి, ఉండాల్సిన అవసరమూ లేదు. “ఈ ఓనరు మంచోడు సార్, ఫోన్ లాక్కోలేదు” అన్నాడు. అడ్వాన్స్ ఎంత అంటే చెప్పాడు. పోయినేటి కంటే కొంచెం ఎక్కువే. టీ తాగి వెళ్లమన్నాడు.

ఇందులో ఓటమి చూడటం తేలిక. నేను కొన్నాళ్లు అలాగే చూశాను. ఆయన చూసింది వేరు. పెద్ద అడ్వాన్సు, ఫోను చేతిలో ఉండటం, గట్టిగా మాట్లాడితే ఎవరో వస్తారని ఓనరుకి తెలియడం, ఇవన్నీ ఆయన గెలుచుకున్నవే. బట్టీకి మళ్లీ రావడమే తప్పు అని మనం అనుకుంటే, ఆయన పని చేసుకునే హక్కుని కూడా మనమే తీసేస్తున్నట్టు. అడగాల్సింది ఆయన ఎలాంటి షరతుల మీద వచ్చాడని. మధ్యలో వెళ్లిపోగలడా? ఖాతా తన చేతిలోనూ ఉందా? పెళ్లాం కూలి ఆమె పేరు మీద రాస్తున్నారా, లేక పథురియా లెక్కలో కలిసిపోయి ఆమె కనబడకుండా పోతోందా?

అందుకని ఏదో ఒక సంఖ్య మొదటి పేజీలో ఉండి తీరాలంటే, విడుదలైన కుటుంబాల్లో రెండో నువాఖాయికి సర్దార్ దగ్గర అడ్వాన్స్ తీసుకోనివాళ్లు ఎందరు, తీసుకున్నా తమ షరతు చెప్పి తీసుకున్నవాళ్లు ఎందరు అన్నది ఉండాలి. దాని పక్కన, రావలసిన కూలిలో చేతికందింది ఎంత అన్నది. రెండూ చిన్న సంఖ్యలే ఉంటాయి. దాతలకి నచ్చవని నాకు తెలుసు. ఒక మనిషిని విడిపించడానికి మీకు ఎంత ఖర్చవుతోంది అని ముక్కుసూటిగా అడిగే దాతలున్నారు. రెండేళ్లు ఒక కుటుంబం వెంట తిరిగితే ఆ ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అలాంటి డబ్బు దొరక్క మూతపడ్డ పనులున్నాయి. చేతనైన పని కూడా ఆగిపోవడం కంటే సంఖ్యలు చెప్పుకుంటూ నడవడం మేలు కదా అని మా రంగంలో నిజాయితీగా నమ్మేవాళ్లు ఉన్నారు, వాళ్లని నేను తప్పుపట్టను. కానీ దాతని మార్చే పని కూడా అడ్వొకసీలో భాగమే. కలెక్టర్ని ప్రశ్నించగలిగి డబ్బిచ్చేవాణ్ణి ప్రశ్నించలేకపోవడం ఏం అడ్వొకసీ?

ఆ ప్రకటనలో నాకు నచ్చింది ఒకటుంది. ప్రోగ్రామ్స్, అడ్వొకసీ ఒకే మనిషి చేతిలో పెట్టడం. చాలాచోట్ల ఇవి రెండు గదులు. ఒక గదిలోవాళ్లు పొద్దున్నే విడుదల పత్రం కోసం ఆర్డీవో గుమ్మం దగ్గర నిలబడతారు. ఇంకో గదిలోవాళ్లు మధ్యాహ్నం అదే జిల్లాలో వెట్టి మీద నిఘా ఉంచాల్సిన విజిలెన్స్ కమిటీ సమావేశమే కాలేదని ప్రెస్ నోట్ ఇస్తారు. మర్నాడు గుమ్మం దగ్గరున్నవాళ్లకి కుర్చీ దొరకదు. ఒకే మనిషి అయితే ఆ ఇబ్బంది అతని కడుపులో ఉంటుంది, ఎక్కడ తగ్గాలో ఎక్కడ పట్టుబట్టాలో తనే తేల్చుకుంటాడు. నన్నడిగితే పట్టుబట్టాల్సింది ఒక్క దాని మీదే: వెట్టి ఉందని గుర్తించిన అధికారికి అది మంచి పేరు కావాలి. సమీక్షలో సున్నా రాసిన జిల్లాని ముందు పిలిచి, ఎన్ని బట్టీలు చూశారు, ఎవరి చేత తర్జుమా చేయించారు, ఏం అడిగారు అని ప్రశ్నించాలి.

మిగతా సగం పని తెలంగాణలో లేదు. 2020 తర్వాత ఒడిశా ప్రభుత్వం బలాంగీర్, నువాపడా, కాలాహండి, బర్‌గఢ్ జిల్లాల్లో వలస ఎక్కువున్న బ్లాకులకి ఉపాధి హామీలో అదనపు పనిదినాలు ఇచ్చింది. మంచి పనే. కానీ ఆ కూలి బ్యాంకులో పడేసరికి వారాలు పట్టేది, సర్దార్ డబ్బు పండగ ముందే చేతిలో ఉంటుంది. మన పోటీ ఆ సర్దార్‌తో. అతనిచ్చే మొత్తంలో సగమైనా, మహిళా సంఘం నుంచో సొసైటీ నుంచో, అదే వారంలో, తాకట్టు లేకుండా అందితే ఎంతమంది రైలెక్కరో చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ఏటా పంపే జిల్లాల అధికారులూ రప్పించుకునే జిల్లాల అధికారులూ కలిసి కూర్చునే సమావేశాల గురించి మాట్లాడుకుంటాం. వాటిని నవంబరులోనో డిసెంబరులోనో పెడతారు. అప్పటికి అడ్వాన్సులు ఖర్చయిపోయి ఉంటాయి. ఆ సమావేశం జూలైలో పెట్టించగలిగినవాడికి ఆ ఉద్యోగం ఇవ్వండి, టార్గెట్ లైను కొట్టేసి.